ఆఖరి నిమిషాల కోసం అన్ని నెలల క్యాంపు

ఆటలూ వ్యాయామం: మీ ప్రశ్నలకు కావలి నుంచి ఒక రిటైర్డ్ పి.డి. (వ్యాయామ ఉపాధ్యాయుడు) జవాబులు

పోయిన సంచికలో మోకాళ్ళ నొప్పుల గురించి రాస్తూ, చివర్లో హాకీ ప్రపంచ కప్పు మాట ఒక్క వాక్యం రాశాను. 2026 ఆగస్టు 15 నుంచి 30 దాకా బెల్జియం, నెదర్లాండ్స్‌లలో జరుగుతుందనీ, మనవాళ్ళు దానికి తయారవుతున్నారనీ, అంతే. మోకాళ్ళ నొప్పుల కంటే ఆ వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ఆటలు నేర్పాను, వాటన్నిట్లో హాకీ నాకు ప్రాణం. ఈసారి పేజీ అంతా దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో అందరం హాకీ చూస్తాం. మా మరిది మాత్రం "మన జట్టును నెలల తరబడి బెంగుళూరు క్యాంపులో కూర్చోబెట్టి తిండి పెడతారు, ఇన్నేళ్ళు ఆడినోళ్ళకి మళ్ళీ నేర్పేదేంది?" అంటాడు. నిజంగా ఆ క్యాంపుల్లో ఏం చేస్తారు సార్?
(ఒక గృహిణి, కందుకూరు)

జవాబు: అమ్మా, మీ మరిదిగారి మాటకు నాకేం కోపం రాలేదు. బయటివాళ్ళకు కనపడేది అరవై నిమిషాల ఆటే. ఆ అరవైలో ఆఖరి అయిదారు నిమిషాల కోసమే అన్ని నెలలూ పడతాయని వాళ్ళకెవరు చెప్తారు?

2016 రియో ఒలింపిక్స్‌లో జర్మనీతో మన మ్యాచ్ 1-1 మీద ఉంది. ఇంకా మూడే సెకన్లు. అప్పుడు గోలు తిన్నాం, 2-1తో ఓడిపోయాం. అట్లా ఆఖర్లో జారవిడుచుకోవడం మన జట్టుకు ఏళ్ళ తరబడి పట్టిన జబ్బు. అయిదేళ్ళు గడిచాయి. 2021 ఆగస్టు 5న టోక్యోలో మళ్ళీ అదే జర్మనీ, కాంస్య పతకం మ్యాచ్. మనం 5-4తో ముందున్నాం. ఏడు సెకన్లు కూడా లేవనగా వాళ్ళకు పెనాల్టీ కార్నర్, అంటే గోలు కొట్టడానికి మంచి అవకాశం, దొరికింది. మా ఇంట్లో టీవీ ముందు నేను లేచి నిలబడ్డాను, నా భార్య కళ్ళు మూసుకుంది. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపాడు. 1980 తర్వాత ఒలింపిక్స్ హాకీలో మనకు పతకం రావడం అదే మొదలు.

ఆ మూడు సెకన్లకూ ఈ ఏడు సెకన్లకూ మధ్య జరిగిందంతా క్యాంపులోనే జరిగింది. ముప్పై మందికి పైగా ఆటగాళ్ళను పిలుస్తారు. అక్కడ యో-యో అని ఒక పరుగు పరీక్ష ఉంది. ఇరవై మీటర్ల దూరంలో రెండు గీతలు. బీప్ మోగినప్పుడు బయల్దేరి, అవతలి గీత తాకి, మళ్ళీ మోగేలోపు వెనక్కి రావాలి. పది సెకన్లు విరామం, మళ్ళీ పరుగు. బీప్‌ల మధ్య టైం తగ్గుతూ పోతుంది. ఎవరు ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద ఉంటుంది. రెండు భుజాల మధ్య వీపు మీద చిన్న జీపీఎస్ పెట్టి, ఎవరు ఎంత దూరం, ఎంత వేగంతో పరుగెత్తారో లెక్క రాస్తారు.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఒళ్ళు అలిసి ఊపిరి అందని సమయంలో చేతికి స్టిక్ ఇస్తారు. "ఆరు నిమిషాలున్నాయి, ఒక గోలు ముందున్నాం, మనలో ఒకడు కార్డు తిని బయట కూర్చున్నాడు, ఆడండి" అంటారు. పదిమందితో పదకొండు మందిని కాచుకోవాలి. ఇది ఒకరోజు చేసి వదిలే పని కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద 17వ నిమిషంలోనే అమిత్ రోహిదాస్‌కు ఎర్ర కార్డు చూపించారు. మిగిలిన నలభై నిమిషాల పైచిలుకు మనవాళ్ళు పదిమందే ఆడి 1-1తో నిలబెట్టి, షూటౌట్‌లో (ఆట సమమైతే ఒక్కొక్కరూ గోల్‌కీపర్‌తో తలపడే పోటీలో) 4-2తో గెలిచారు. ఆ రోజు వాళ్ళలో ఎవరికీ ఎక్కడ నిలబడాలో తోచక అటూ ఇటూ చూడటం నాకు కనపడలేదు.

మీ మరిదిగారిని ఒక పని చేయమనండి. పెరట్లో పాతికసార్లు ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగెత్తి, ఆ ఆయాసంతోనే సూదిలో దారం ఎక్కించమనండి. మా స్కూల్లో నేను పిల్లల చేత చేయించేవాణ్ణి. మొదటి వారం ఒక్కరూ ఎక్కించలేకపోయేవారు. నెల తిరిగేసరికి సగం మంది ఎక్కించేవారు. బెంగుళూరులో చేసేదీ అదే, ఇంకా చాలా పెద్ద ఎత్తున.

ప్రశ్న: మేం కాలేజీ గ్రౌండులో మట్టి మీద ఆడతాం. ఒకప్పుడు ఇండియా మట్టి మీదే కదా గోల్డ్ మెడల్సు కొట్టింది? టర్ఫ్ (కృత్రిమ గడ్డి) వచ్చాకే పడిపోయామంటారు, నిజమేనా? టర్ఫ్ మొహం చూడనోళ్ళం మేం పైకెట్టా వస్తాం సార్?
(ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, గూడూరు)

జవాబు: నాయనా, నీ ప్రశ్నలో సగం నిజముంది. 1928 నుంచి 1956 దాకా వరసగా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు, 1964లో ఇంకొకటి. అవన్నీ మట్టీ గడ్డీ కాలం నాటివి. 1976లో మాంట్రియల్లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ వేశారు, మనం ఏడో స్థానానికి దిగిపోయాం. కానీ 1980 మాస్కో స్వర్ణం టర్ఫ్ మీదే వచ్చింది. కొన్ని దేశాలు ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించడం వల్ల ఆ ఏడాది చాలా పెద్ద జట్లు రాలేదన్నది వేరే మాట. కాబట్టి తప్పంతా టర్ఫ్ మీద వేయొద్దు. యూరప్ దేశాల్లో ఊరి క్లబ్బు పిల్లలకు కూడా టర్ఫ్ దొరికింది. మన పిల్లలకు దొరకలేదు. వాళ్ళు పదేళ్ళ వయసులో నేర్చుకున్నది మనవాళ్ళు ఇరవైల్లో, భారత జట్టు చొక్కా వేసుకున్నాక నేర్చుకోవాల్సి వచ్చింది. దాని ఫలితం 2008లో చూశాం. బీజింగ్ ఒలింపిక్స్‌కు అసలు అర్హతే రాలేదు.

తేడా ఎక్కడుందో నేను ఒక పిల్లవాడి వల్ల తెలుసుకున్నాను. వాడు తుమ్మలపెంట వైపు నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు, చేపలు పట్టేవాళ్ళ బిడ్డ. మా గరుసు నేల మీద వాడి దగ్గర బంతి లాక్కోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు, మణికట్టు అట్లా తిరిగేది. 2004లో రాష్ట్ర జట్టు ఎంపికలకు హైదరాబాదు తీసుకుపోయాను. టర్ఫ్ చూడటం వాడికదే మొదలు. వంగి చేత్తో తాకి, "ఏంది సార్, తడిగా ఉందే?" అన్నాడు. ఆ టర్ఫ్‌కు ఆటకు ముందు నీళ్ళు కొడతారనే సంగతి కూడా నేను వాడికి చెప్పలేదు. మొదటి బంతి వాడి స్టిక్ కిందుగా జారిపోయింది. రెండోదీ పోయింది. మూడోది కాలికి తగిలింది. ఇరవై నిమిషాల్లో వాణ్ణి పక్కన కూర్చోబెట్టేశారు.

మట్టి మీద బంతి ఎగురుకుంటూ వస్తుంది. ఎటు లేస్తుందో తెలీదు కాబట్టి మనం స్టిక్ నిలువుగా పట్టి, బంతి దగ్గరికొచ్చాక మెత్తగా లోపలికి తీసుకుంటాం. తడి టర్ఫ్ మీద అది నేలనంటుకుని దూసుకొస్తుంది. దానికి స్టిక్‌ను నేలమీద పడుకోబెట్టాలి. ఎడమ మోకాలు బాగా వంగాలి, వేళ్ళ కణుపులు నేలను రాసుకోవాలి. వాడికి చేతకానిది అదొక్కటే. అది ఒక నెల పని.

సికింద్రాబాదులో రైలెక్కినప్పటి నుంచీ వాడు మాట్లాడలేదు. కావలి స్టేషన్లో దిగాక, "ముందే చెప్పుంటే నేర్చుకునేవాణ్ణి కదా సార్" అన్నాడు. ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తున్నాడు. ఎదురుపడితే బండి ఆపి పలకరిస్తాడు, ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నేను మర్చిపోలేదు.

ఆ వారంలోనే ధాన్యం ఆరబోసే సిమెంటు ప్లాట్‌ఫారం ఒకటి అడిగి, పొద్దున అయిదున్నరకు పిల్లల్ని అక్కడికి తీసుకుపోవడం మొదలుపెట్టాను. నాలుగు బక్కెట్ల నీళ్ళు చల్లితే బంతి టర్ఫ్ మీద లాగానే జారుతుంది. గట్టిగా కొట్టి, పడుకోబెట్టిన స్టిక్‌తో ఆపడం. రోజుకు రెండు వందల సార్లు, వేరే ఆటేమీ లేదు. నువ్వూ అదే చెయ్. సిమెంటుకు స్టిక్ అంచు అరిగిపోతుంది, కింద టేపు చుట్టుకో. తడి నేల మీద నున్నటి బూట్లతో పరుగెత్తొద్దు. బంతి ఆపడం వచ్చినవాడు టర్ఫ్ మీదికి పోతే రెండు వారాల్లో కుదురుకుంటాడు. మా దగ్గర తర్వాత వెళ్ళిన పిల్లల్లో చూశాను, నమ్మకంతో చెబుతున్నాను.

ప్రశ్న: బాగా ఆడుతున్నోణ్ణి ఏడెనిమిది నిమిషాలకే బయటికి పిలిచి కూర్చోబెడతారు. మంచోళ్ళను ఆఖరుదాకా ఆడించొచ్చు కదా? బెంచీ మీదోళ్ళు ఏం పీకుతారు?
(ఒక ఆటో డ్రైవరు, ఒంగోలు)

జవాబు: తమ్ముడూ, హాకీలో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, వెళ్ళినవాడు మళ్ళీ రావచ్చు. అందుకే లోపల ఉన్నంతసేపూ ప్రాణం పెట్టి పరుగెత్తి, వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ పోతారు. అరవై నిమిషాలూ ఒక్కణ్ణే ఉంచితే యాభయ్యో నిమిషానికి వాడు నడుస్తుంటాడు, అవతలివాడు పరుగెత్తుతుంటాడు.

బెంచీ మాటకు మాత్రం నేను ఒప్పుకోను. 1975లో నాకు పదిహేడేళ్ళు. కౌలాలంపూర్ ప్రపంచ కప్పు వ్యాఖ్యానం ఒక టీ అంగట్లో రేడియోలో విన్నాం. హిందీ సగం అర్థమయ్యేది, సగం జనం కేకల్ని బట్టి ఊహించుకునేవాళ్ళం. సెమీఫైనల్లో మలేసియా చేతిలో 2-1తో వెనకబడ్డాం. అప్పట్లో ఆట డెబ్బై నిమిషాలు, ఇంక కాస్తే మిగిలింది. బెంచీ మీద నుంచి అస్లం షేర్ ఖాన్‌ను దించారు. పెనాల్టీ కార్నర్ మీద ఆయన కొట్టిన గోలుతో సమమైంది, ఆ తర్వాత గెలిచాం. ఫైనల్లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించాం. మనం ప్రపంచ కప్పు గెలిచింది ఆ ఒక్కసారే. ఆ బెంచీ మీది మనిషి లేకపోతే అదీ లేదు.

2023 ఆగస్టులో అయిదుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని చెన్నై ఎగ్మోర్ స్టేడియానికి పోయాను. ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, మళ్ళీ మలేసియాయే. సగం ఆటకు 3-1తో వెనకబడ్డాం. పిల్లలు మొహాలు వేలాడేశారు. నేను వాళ్ళను బంతిని వదిలేసి మన బెంచీని చూడమన్నాను. బయటున్నవాళ్ళలో ఒక్కడూ వెనక్కి వాలి కూర్చోలేదు. మూడో భాగం ఆఖరి నిమిషంలో రెండు గోల్స్, 56వ నిమిషంలో ఇంకొకటి. 4-3. రాత్రంతా రైల్లో మా వాళ్ళు నిద్రపోలేదు.

ప్రశ్న: సార్, పెనాల్టీ కార్నర్ అప్పుడు మనోళ్ళు మొహానికి మాస్కులు పెట్టుకుంటారు ఎందుకు? ఒకాయన బంతికి ఎదురుగా పరుగెత్తుతాడు, భయం వేయదా?
(ఏడో తరగతి విద్యార్థిని, పొదిలి)

జవాబు: మంచి ప్రశ్న అడిగావు అమ్మణ్ణీ. పెనాల్టీ కార్నర్ అప్పుడు గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే గోలు గీత వెనక నిలబడాలి. మిగతావాళ్ళంతా సగం గ్రౌండు అవతలికి పోవాలి. ఎదుటి జట్టువాడు గోలు స్తంభానికి పది మీటర్ల దూరం నుంచి బంతిని బయటికి నెడతాడు. అది గోలు ముందున్న పెద్ద అర్ధచంద్రం గీత దాటాలి. అక్కడ ఒకడు ఆపుతాడు, ఇంకొకడు స్టిక్‌తో ఈడ్చి విసురుతాడు. దాన్ని డ్రాగ్ ఫ్లిక్ అంటారు. మొదటి దెబ్బ హిట్ అయితే 46 సెంటీమీటర్ల ఎత్తు దాటి గోల్లోకి పోకూడదు. డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు, తలెత్తులో కూడా రావచ్చు. వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది, బంతి బరువు 160 గ్రాముల దాకా, రాయిలాగా ఉంటుంది. మాస్కులు అందుకే.

ఎదురు పరుగెత్తే ఆయన్ని ఫస్ట్ రషర్ అంటారు. విసిరేవాడికి దారి మూసేయడం ఆయన పని. కనురెప్ప పాటులో ఎటు పోవాలో తేల్చుకోవాలి. భయం వేస్తుంది తల్లీ, వేయకుండా ఎట్లా ఉంటుంది? కొన్ని వేలసార్లు పరుగెత్తి పరుగెత్తి, భయం పుట్టేలోపే కాళ్ళు కదిలేలా చేసుకుంటారు. మన జట్టులో ఆ పని బాగా చేసినవాడు రోహిదాస్. ఎర్ర కార్డు వల్ల పారిస్ సెమీఫైనల్‌కు ఆయన లేడు. జర్మనీ మొదటి గోలు పెనాల్టీ కార్నర్ మీదే వచ్చింది, 3-2తో ఓడాం. ఆయన ఉంటే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ అనుకుంటుంటాను. టీవీలో అందరూ గోలు కొట్టిన హర్మన్‌ప్రీత్‌ను చూస్తారు, పారిస్‌లో ఆయన పది గోల్స్ కొట్టాడు మరి. నువ్వు ఈసారి మాస్కు పెట్టుకుని పరుగెత్తే ఆయన్ని చూడు.

ప్రశ్న: ఆగస్టులో ప్రపంచ కప్పు, సెప్టెంబరు 19 నుంచి జపాన్‌లో ఆసియా క్రీడలు. రెండింటికీ ఒకే జట్టంటే పిల్లలు నలిగిపోరా? ఒకదానికి కుర్రవాళ్ళను పంపితే మేలు కదా?
(రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు)

జవాబు: అయ్యా, ప్రపంచ కప్పు ముగిసిన రోజు నుంచి లెక్కేస్తే మధ్యలో ఇరవై రోజులే. మీ ఆందోళన న్యాయమైనదే. కానీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిస్తే 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు నేరుగా పోవచ్చు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో జపాన్‌ను 5-1తో కొట్టి పారిస్‌కు అట్లాగే పోయాం. దాన్ని తేలిగ్గా తీసుకోలేం.

అట్లాగని ఆసియా క్రీడల కోసం మనుషుల్ని దాచుకుని ప్రపంచ కప్పుకు వెళ్ళడం నాకు సమ్మతం కాదు. యాభయ్యేళ్ళు దాటింది ఆ కప్పు ముట్టుకుని. 2023లో సొంతగడ్డ మీద, భువనేశ్వర్లో, న్యూజిలాండ్ మీద 3-1తో ముందుండి 3-3 చేసుకుని షూటౌట్‌లో ఓడిపోయాం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఈసారి మన జట్టు బీహార్‌లోని రాజ్‌గిర్‌లో ఆసియా కప్పు గెలిచి, ఫైనల్లో కొరియాను 4-1తో ఓడించి దర్జాగా అర్హత తెచ్చుకుంది. పూర్తి బలంతోనే పోవాలి. తర్వాత జపాన్‌కు నలుగురైదుగురిని మార్చుకోవచ్చు. 2025 డిసెంబరులో చెన్నైలో శ్రీజేష్ శిక్షణలో జూనియర్ ప్రపంచ కప్పు కాంస్యం తెచ్చిన కుర్రవాళ్ళున్నారు. అర్జెంటీనా మీద ఆఖరి భాగంలో వెనక నుంచి వచ్చి 4-2తో గెలిచినవాళ్ళు వాళ్ళు.

ప్రశ్న: తొమ్మిదేళ్ళ బాబుకు ఎంత పొడుగు స్టిక్ కొనాలి?
(కనిగిరి నుంచి ఒక తండ్రి)

జవాబు: నేల మీద నిలబెడితే తుంటి ఎముక దగ్గరికి రావాలి. పెరుగుతాడు కదా అని పెద్దది కొనొద్దు, నడుం వంచడం మానేస్తాడు. చెక్కదే చాలు, కార్బన్ స్టిక్ ఇప్పుడే వద్దు.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. హాకీలో గోల్‌కీపర్ అవుతానంటోంది. బంతి దెబ్బలు తగిలితే రేపు పెళ్ళి కాదని మా అత్తగారు గోల చేస్తోంది. నాకూ భయంగానే ఉంది. వద్దని చెప్పమంటారా?
(ఒక తల్లి, కావలి దగ్గరి పల్లె)

జవాబు: అమ్మా, వద్దని చెప్పమాకండి. గ్రౌండులో ఒంటినిండా రక్షణ ఉండేది ఒక్క గోల్‌కీపర్‌కే. హెల్మెట్, ఛాతీకి కవచం, చేతులకు గ్లవ్స్, కాళ్ళకు ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు. దెబ్బలు ఎక్కువ తగిలేది అవేవీ లేని మిగతా పదిమందికే. మీ అత్తగారికి ఇది వివరంగా చెప్పండి, ఆ కిట్టు ఒకసారి కళ్ళారా చూపించండి.

మన రాష్ట్రంలోనే ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి అమ్మాయి రజని గోల్‌కీపర్‌గా భారత జట్టుకు ఆడింది, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్ళిన బృందంలో ఉంది. ఆ టోక్యోలోనే మన ఆడపిల్లలు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయి, ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించారు. ఆస్ట్రేలియాకు ఎన్ని పెనాల్టీ కార్నర్లు వచ్చినా గోల్లో సవిత ఒక్కటీ పోనివ్వలేదు. ఆ మ్యాచ్ దొరికితే మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

కిట్టుకు ఖర్చవుతుంది, అది నిజం. శ్రీజేష్‌కు ప్యాడ్లు కొనడానికి వాళ్ళ నాన్న ఇంట్లో ఆవును అమ్మేశాడు. మీరు ఇప్పుడే ఏమీ అమ్మాల్సిన పని లేదు. నా దగ్గర పాత ప్యాడ్లు ఒక జత ఉన్నాయి, పట్టీలు తెగితే మొన్ననే చెప్పులు కుట్టే ఆయన చేత కొత్తవి వేయించాను. హెల్మెట్ కూడా ఉంది, లోపలి స్పాంజి మార్చాలి. ఆదివారం పొద్దున ఆరు గంటలకు పాపను మా స్కూలు గ్రౌండుకు తీసుకురండి. జుట్టు గట్టిగా జడేసి పంపండి, హెల్మెట్ సరిగ్గా కూర్చుంటుంది. మొదటి నెల రబ్బరు బంతితోనే ఆడిస్తాను. మీరూ వచ్చి గోలు వెనక నిలబడి చూడండి.